వెనక వరుస కోసం ఒక లెన్సు

మా ఆస్పత్రి ఎక్స్‌రే గదిలోంచి రోజంతా ఒకే గొంతు వినపడుతుంటుంది. “ఊపిరి పీల్చండి. బిగబట్టండి. కదలకండి... ఆ, వదిలెయ్యండి.” ఆ గొంతు అక్కది. గోడకి ఇవతల కూర్చుని రిపోర్టులు టైపు చేసేదాన్ని నేను. విని విని, ఒక్కోసారి నేనూ ఊపిరి బిగబట్టేసి, వదలమనే మాట వచ్చేదాకా వేళ్లు గాల్లో పెట్టుకుని కూర్చునేదాన్ని.

అక్క తోడబుట్టింది కాదు, నాకంటే బాగా పెద్దదని అలా పిలుస్తాను. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కిరణాలు తగలకుండా వేసుకునే ఆ సీసం ఏప్రన్ ఏళ్ల తరబడి మోసి మోసి కుడి భుజం కాస్త కిందకి దిగింది. మాట తక్కువ, పని ఎక్కువ. ఆవిడకి లోకంలో పడనిది ఒక్కటే, కదిలిపోయిన బొమ్మ. పేషెంటు కదిలితే ఎముక అంచు మసకబారుతుంది, మళ్లీ తియ్యాలి. మళ్లీ తియ్యడమంటే ఆ మనిషికి అక్కర్లేని కిరణాలు ఇంకో దఫా. అందుకని ముందే ఓపిగ్గా చెయ్యి సర్ది, దిండు సర్ది, ముసలివాళ్లతో మనవల కబుర్లు చెప్పించి, మనిషి కుదుటపడ్డాకే మీట నొక్కేది. బయట క్యూలో ఉన్నవాళ్లు గొణుక్కునేవాళ్లు. గొణిగితే గొణిగారు.

బావగారు బస్సు డిపోలో టైమ్ కీపరు. ఇంట్లోనూ అదే భాష. టీ ఆలస్యమైతే “ఏమోయ్, బండి ఇంకా షెడ్డులోనే ఉందా?” అని వంటింటివైపు తల తిప్పేవారు. వాళ్లకి పిల్లల్లేరు. ఆ సంగతి అక్క ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఇలా ఉండగా అక్క తమ్ముడి కూతురు కాలేజీ చదువుకీ, దానికంటే ఎక్కువగా వాలీబాల్ కోచింగుకీ వీళ్లింటికి వచ్చి చేరింది. వచ్చిన వారానికల్లా గుమ్మంలో బూట్లు, తీగ మీద మోకాలి తొడుగులు, ఫ్రిజ్‌లో ఐసు సంచులు. నిశ్శబ్దంగా ఉండే ఇల్లు కాస్తా డిపోలా తయారైంది. బావగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆ పిల్ల ఆడే స్థానం పేరు లిబరో. జట్టంతా ఒక రంగు చొక్కా వేసుకుంటే ఈ పిల్లది వేరే రంగు. నెట్ దగ్గరకెళ్లి ఎగిరి కొట్టే హక్కు లేదు. వెనక వరుసలో ఉండి, అవతలివాళ్లు కొట్టిన బంతి నేలకి తగలకుండా చూడటమే పని. బంతి ఎక్కడ పడబోతుందో అక్కడ ముందు తను పడాలి. ఆటయ్యేసరికి హాలు నేలంతా ఒంటితో ఊడ్చేస్తుందని తోటి పిల్లలు పెట్టిన పేరు చీపురు. మొదట్లో అక్కకి ఆ పేరు నచ్చలేదు. కొన్నాళ్లకి తనే వరండాలోంచి “చీపురూ, భోజనానికి రావే” అని కేకెయ్యడం మొదలుపెట్టింది.

ఒకరోజు పేపర్లో వీళ్ల జట్టు గెలిచిన వార్త పడింది. పక్కనే రంగుల ఫొటో. నెట్ మీదకి ఎగిరి బంతి కొడుతున్న పొడుగమ్మాయి, ఆ పక్కన చేతులెత్తిన ఇద్దరు, ఫొటో కింది మూలలో ఒక బూటు. చీపురు ఆ బూటు మీద వేలు పెట్టి నవ్వింది.

“అత్తా, ఇదిగో నేను.”

“ఏదే?”

“ఆ కాలు నాదే. ఆ బంతి లేపి ఇచ్చింది నేనేగా. ఇచ్చి పడిపోయాను.”

పిల్ల నవ్వేసింది గానీ అక్కకి నవ్వు రాలేదు. మర్నాడు నా బల్ల దగ్గరకొచ్చి పేపరు చూపించి, “ఎంత అన్యాయం చూడు, పిల్లంతా పోయి కాలు మిగిలింది,” అంది. పేపరు వాళ్లనీ తప్పు పట్టలేం. వాళ్లు బంతి పైకి లేచిన చోటే కెమెరా పెడతారు. కింద పడిపోయిన పిల్లని ఎవరు చూస్తారు?

అక్క దగ్గర ఒక కెమెరా ఉంది. మా పిల్లల డాక్టరు కొత్తది కొనుక్కుని పాతది ఆవిడకి చవగ్గా ఇచ్చేశారు. దానితో వచ్చిన చిన్న లెన్సుతో అక్క ఇప్పటిదాకా తీసింది కుండీల్లో మొక్కలూ, టీ తాగుతున్న బావగారూ. తరవాతి మ్యాచ్‌కి అదే పట్టుకుని వెళ్లింది. ఆ హాల్లో ఆడేవాళ్లూ, అధికారులూ, కార్డున్న పేపరు వాళ్లూ తప్ప ఎవరూ కిందకి దిగకూడదు. మిగతావాళ్లంతా మెట్ల గ్యాలరీలోనే. అక్కణ్ణుంచి తీస్తే చీపురు చీమంత పడింది. ఫొటోని పెద్దది చేస్తే ముఖం చెరిగిపోతోంది, చిన్నది చేస్తే మనిషే కనపడట్లేదు.

దూరాన్ని దగ్గరికి లాగే లెన్సు కావాలని బస్టాండు వెనక సందులో ఉన్న కెమెరా షాపుకి వెళ్లింది. షాపాయన ముక్కు చివర కళ్లజోడు పెట్టుకుని, ఏదో విప్పిన కెమెరాలో సన్నటి స్క్రూ బిగించుకుంటున్నారు. విషయం విని లోపల్నుంచి రెండు లెన్సులు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకటి అరచేతిలో పట్టేంత, తేలిక. రెండోది సొరకాయంత పొడుగు. ముందున్న అద్దం టీ సాసరంత వెడల్పు, మెడకి తగిలించుకుంటే మెడే ఊడి వస్తుందేమో అన్నంత బరువు.

“దగ్గరికి లాగడం రెండూ లాగుతాయమ్మా. తేడా అక్కడ లేదు, వెలుతురు దగ్గరుంది,” అన్నారాయన. “ఈ చిన్నదాంట్లోంచి వెలుతురు కిటికీలోంచి వచ్చినట్టు వస్తుంది. పెద్దదాంట్లోంచి వీధి తలుపు బార్లా తీసినట్టే.”

“మా పిల్ల ఆడేది లోపల హాల్లోనండీ. అక్కడ దీపాలు అంతంతమాత్రం.”

“ఎండలో ఆడే ఆటైతే చిన్నదే పట్టుకెళ్లమని కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. చీకటి హాల్లో ఇది ఇబ్బంది పెడుతుంది. వెలుతురు చాలక ఎక్కువసేపు కళ్లు తెరుచుకుని చూస్తుంది. ఈలోగా మీ పిల్ల కదిలిపోతుంది.”

“కదిలితే మసకే కదా,” అంది అక్క. ఆ మాట ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు. “పెద్దది ఎంతవుతుందండీ?”

ఆయన చెప్పారు. అక్క ఆ లెన్సుని రెండు చేతుల్తో, నిద్రపోతున్న చంటిబిడ్డని పడుకోబెట్టినట్టు, బల్ల మీద పెట్టేసింది.

“మరి ఇంత పెట్టి ఎవరు కొంటారు?”

“కొనేవాళ్లు ఎక్కడమ్మా, అద్దెకి తీసుకునేవాళ్లే. చిన్నది మాత్రం రెండు మ్యాచ్‌లకి వాడి చూడండి. నచ్చితేనే కొందురు.”

అక్క చిన్నదే తెచ్చుకుంది. షాపాయన చెప్పినట్టే అయింది. సర్వీసు కోసం చూస్తూ వంగి నిలబడ్డ చీపురు బ్రహ్మాండంగా వచ్చింది. కళ్లు, జడ, చొక్కా మీద అంకె, అన్నీ. బంతి వచ్చిన మరుక్షణం పిల్ల మాయమై పొగ మిగిలింది. అక్క గ్యాలరీ కమ్మీకి మోచేతులు ఆనించి, పేషెంట్లకి చెప్పినట్టు తనకి తనే ఊపిరి బిగబట్టమని చెప్పుకుని తీసింది. తన చెయ్యి కదలకపోతే ఏం లాభం, కదిలేది ఆ పిల్లాయె. కెమెరాకి వెలుతురు ఎక్కువ పట్టేలా మీటలు మార్చి తీస్తే మసక తగ్గింది గానీ ఫొటో మీద గుప్పెడు ఇసక చల్లినట్టు చుక్కలు. అవన్నీ ఇంట్లో టీవీకి తగిలించి చూపిస్తే బావగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

“ఏమోయ్, ఇది చీపురా, చీపురు లేపిన దుమ్మా?”

“మీ టీ ఫొటోలు బాగా వచ్చేవి. మీరు కదలరుగా,” అంది అక్క.

చీపురు మాత్రం “నాకు బాగానే ఉన్నాయత్తా, స్పీడుగా కనిపిస్తున్నా,” అని ఒకటి తన ఫోన్లో పెట్టుకుంది. అక్కకి అది ఓదార్పు మాటని తెలుసు. సెమీఫైనల్ దగ్గర పడేసరికి ఇక ఉండబట్టలేక వెళ్లి చిన్నది తిరిగిచ్చేసి పెద్ద లెన్సు అద్దెకి తెచ్చేసింది. నాతో మాత్రం, “గోరంతని కొండంత చేసే అద్దమట, ఒక్కసారి చూసి ఇచ్చేస్తా,” అంది.

సెమీఫైనల్‌కి లెన్సు సంచీ బావగారే మోశారు. దారి పొడుగునా, “లగేజీకి టిక్కెట్టు కొట్టాలి దీనికి,” అంటూనే ఉన్నారట. ఆట మొదలై, కంటికి కెమెరా ఆనించగానే అక్క ఉలిక్కిపడి దించి, మళ్లీ ఎత్తింది. పిల్ల చెయ్యి చాస్తే అందేంత దగ్గర. పై పెదవి మీద చెమట, మోకాలి తొడుగు అంచున ఊడిన దారం. నొక్కిన ప్రతిదీ అచ్చుగుద్దినట్టు నిలిచింది. పడబోతున్న పిల్ల, పడిన పిల్ల, పడి లేస్తున్న పిల్ల. జట్టు గెలిచింది. అక్క ఆ పూట నేల మీద నడవలేదు.

మర్నాడు మధ్యాహ్నం పేషెంట్లు తగ్గాక నన్ను పిలిచి, కంప్యూటర్లో ఒక్కొక్కటే చూపించింది. “ఇది చూడు, ఇది చూడు” అంటున్న మనిషి కాసేపటికి మాట ఆపేసింది. ఒక ఫొటోని పెద్దది చేసింది. దాని ముందుది వెనక్కి తెచ్చింది. తరవాతిది చూసింది. సినిమా చూపిస్తున్న మనిషి ఎక్స్‌రే చూసే మనిషైపోయింది.

“ఏమైందక్కా?”

“ఇది పడేటప్పుడు ఎడమ చెయ్యి నేలకి ఆనించట్లేదు. కుడి మోచేతి మీద పడుతోంది. ఏ ఫొటో చూసినా అంతే. ఇక్కడ చూడు, బంతి లేనప్పుడు కుడిచేతి వేళ్లు ఎక్కడున్నాయో.”

చూశాను. ఎడమ బొటనవేలి కింద, మణికట్టు దగ్గర, బ్యాండు మీదుగా నొక్కి పట్టుకుని ఉన్నాయి. నెట్‌వైపు చూస్తూ, నవ్వుతూ, తోటిపిల్లలతో మాట్లాడుతూ కూడా ఆ వేళ్లు అక్కడే.

“బెణికుంటుందిలే,” అన్నాను.

“బెణుకైతే ఇల్లెగిరిపోయేలా చెప్పేది. మొన్న నా డబ్బాలోంచి పట్టీ గుడ్డ తీసుకుంది. ఎందుకే అంటే మోకాలికంది.”

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది అక్క తరవాత నాకు చెప్పింది. పిల్ల కాలేజీ నుంచి రాగానే ఏమీ అడగలేదు. బిగుసుకుపోయిన ఒక సీసా తెచ్చి చేతికిచ్చి, “ఈ మూత రావట్లేదే, కాస్త తియ్యి,” అంది. చీపురు సీసాని చంకలో ఇరికించుకుని కుడిచేత్తో మూత తిప్పింది.

“ఆ చేత్తో పట్టుకోవచ్చుగా.”

“ఏం లేదత్తా. నాకేం కాలేదు.”

“ఏమైనా అయిందని నేను అన్నానా?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది పిల్ల పని. అక్క సీసా తీసుకుని పక్కన పెట్టి, “చెయ్యి ఇటివ్వు,” అంది. బొటనవేలి కింద చిన్న గుంట ఉంటుందే, అక్కడ వేలితో మెల్లిగా నొక్కింది. పిల్ల అరవలేదు. కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి.

“ఎప్పుడు పడ్డావు?”

“ప్రాక్టీసులో. లీగు మ్యాచ్‌లప్పుడు.”

“రేపు ఆస్పత్రికి వస్తున్నావు.”

“ఆదివారం ఫైనల్ అత్తా. సోమవారం నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికొస్తా. ఇన్నాళ్లూ ఆడాను కదా, ఇంకొక్క మ్యాచ్‌కి ఏమవుతుంది?”

“ఎముక క్యాలెండరు చూసుకోదే.”

అప్పటిదాకా బతిమాలుతున్న పిల్ల గొంతు మారిపోయింది. “నువ్వు నా ఫొటోలు తీస్తున్నావనుకున్నా. నా మీద నిఘా పెట్టావనుకోలేదు,” అనేసి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆ మాట అక్కకి ములుకులా గుచ్చుకుంది. “కాదని ఎలా చెప్పను? అంత దగ్గరగా చూసింది నేనే కదా,” అంది నాతో.

మర్నాడు పొద్దున్నే బావగారి స్కూటరు మీద వచ్చింది చీపురు. ముఖం గోడలా పెట్టుకుని ఎక్స్‌రే గదిలోకి వెళ్లింది. నేను ఇవతల టైపు చేస్తున్నట్టు కూర్చున్నాను. మామూలుగా వినిపించే గొంతు చాలాసేపు వినపడలేదు. బల్ల జరిపిన చప్పుడు, మళ్లీ నిశ్శబ్దం. తరవాత ఎంతో నెమ్మదిగా, “కదలకు తల్లీ.” అంతే.

ఎముకల డాక్టరు బొమ్మని దీపానికి ఎదురుగా పెట్టి వెంట్రుకంత సన్నటి గీత చూపించారు. అది చిన్న ఎముకట. దానికి రక్తం అందేదే తక్కువట. ఇలాగే ఆడితే అతుక్కోదు, ఆ తరవాత ఆట మాట దేవుడెరుగు, నీళ్ల బిందె ఎత్తినా జీవితాంతం నొప్పేనన్నారు. ఇప్పుడైతే పిండికట్టు వేస్తే సరిపోతుంది. చీపురు ఆయన్ని ఒకే ప్రశ్న అడిగింది.

“ఆదివారం తరవాత వెయ్యకూడదా?”

డాక్టరు అక్కవైపు చూశారు. అక్క పిల్ల చేతిని తనే బల్ల మీద సర్ది పెట్టింది. పిండికట్టు వేసేశారు.

కట్టు వేశాక మెట్ల దగ్గర అక్క అడిగింది. “కోచ్‌కి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“నా నోటితో నేనే చెప్పుకుంటా. నువ్వు రావద్దు,” అంది పిల్ల.

చెప్పింది కూడా. ఆ కోచ్ ముక్కుసూటి మనిషి, పిల్లలు ఆవిడ ఈల వింటేనే నిటారుగా నిలబడతారు. కట్టు చూసి తిట్టలేదట. ఎన్నాళ్ల నుంచి దాస్తున్నావని అడిగి, “ఆదివారం యూనిఫాం వేసుకునే రా. బెంచీ మీద కూర్చుందువు గాని,” అందట.

ఇంట్లో మాత్రం మాటలు ఆగిపోయాయి. అత్తా కోడలూ ఒకే బల్ల దగ్గర తింటూ నేరుగా పలకరించుకోరు. మధ్యలో బావగారు తంతి ఆఫీసు.

“మావయ్యా, ఉప్పు కాస్త ఇటివ్వమని చెప్పు.”

“ఏమోయ్, ఉప్పు ఇటివ్వమంటోంది.”

“జడ వేసుకోవడం రాకపోతే నన్ను పిలవమని చెప్పండి.”

“చీపురూ, జడ...”

“అక్కర్లేదని చెప్పు మావయ్యా. క్లిప్పు పెట్టుకున్నా.”

డిపోలో ఎన్ని బస్సులు ఒకేసారి వచ్చి మీదపడ్డా ఇంత అలసిపోలేదని బావగారు నా దగ్గర వాపోయారు.

ఫైనల్‌కి పెద్ద లెన్సు ముందే చెప్పి ఉంచింది అక్క. ఇప్పుడు దానితో పనేముంది, వద్దని ఫోను చేస్తానంటే బావగారే ఆపారు. “చీపురు ఆడకపోతే మ్యాచ్ ఆగిపోతుందా? అది బెంచీ మీద కూర్చుని గ్యాలరీలోకి చూసినప్పుడు నువ్వు లేకపోతే బాగుండదు. పద.” ఆ ఆదివారం నేనూ వాళ్లతో వెళ్లాను.

చీపురు స్థానంలో దిగింది గువ్వ. పిట్టంత పిల్ల, వేరే రంగు చొక్కా మోకాళ్ల దాకా వేలాడుతోంది. అవతలి జట్టు వాళ్లకి విషయం అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. ప్రతి సర్వీసూ ఆ పిల్ల మీదకే. తగిలిన బంతల్లా గ్యాలరీలోకి పోతోంది. మొదటి సెట్టు చూస్తూ చూస్తుండగానే చెయ్యి జారిపోయింది. బెంచీ మీద చీపురు కట్టు వేసిన చేతిని ఒళ్లో పెట్టుకుని, పరాయి మనిషిలా కూర్చుని ఉంది. అక్క కెమెరా పైకెత్తడం, దించెయ్యడం, మళ్లీ ఎత్తడం.

రెండో సెట్టు మధ్యలో గువ్వ ఒక తేలిక బంతి వదిలేసి, నేల మీదే కూర్చుండిపోయింది. అప్పుడు లేచింది చీపురు. “గువ్వా! రెండడుగులు వెనక్కి! బంతిని చూడకు, ఆవిడ భుజం చూడు!” హాలంతా వినపడింది. రిఫరీ ఇటు తిరిగి చూశాడు. కోచ్ ఈ పిల్ల చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చుంది. అక్కణ్ణుంచి బంతి బంతికీ చీపురు ఏదో చెప్తూనే ఉంది. గువ్వ తల ఊపుతూనే ఉంది. సర్వీసు చేసే అమ్మాయి భుజం చూడటం, వెనక్కి జరగడం. ఒక బంతి లేపింది. ఇంకోటి లేపింది. పొడుగమ్మాయికి కొట్టడానికి బంతులు అందడం మొదలైంది.

అక్క కెమెరా నా కంటికి ఆనించి “చూడు” అంది. చీపురు ముఖం నా ముఖానికి ఆనినంత దగ్గరగా కనిపించింది. నోరంతా తెరిచి అరుస్తోంది, మెడ మీద నరాలు తాళ్లలా లేచాయి. కోపమూ లేదు, ఏడుపూ లేదు. ఆడుతోంది, అంతే. నేను కెమెరా తిరిగిచ్చేశాను. అక్క కమ్మీకి మోచేతులు ఆనించింది. ఈసారి దించకుండా తీసింది.

చివరి సెట్టు దాకా లాగి ఓడిపోయారు. కొద్దిలో తప్పిపోయింది. పిల్లలంతా ఒకళ్లని పట్టుకుని ఒకళ్లు ఏడుస్తుంటే గువ్వ మాత్రం చీపురు కట్టు మీద తల పెట్టుకుని ఏడ్చింది.

సోమవారం పొద్దున అక్క ఫొటోలన్నీ ఇంట్లో కంప్యూటర్లో పెట్టి, ఎవరినీ పిలవకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి కుర్చీ లాగిన చప్పుడు. చీపురు తన బెంచీ ఫొటోలు గబగబా దాటేసింది. గువ్వ దగ్గర ఆగింది. ఆ ఫొటో నేనూ చూశాను. పిల్ల నేలకి సమాంతరంగా గాల్లో ఉంది. చాచిన చేతికీ బంతికీ మధ్య కాగితం కూడా పట్టదు, బంతికీ నేలకీ మధ్యా అంతే.

“అత్తా.”

ఎన్నాళ్లకో విన్న పిలుపు. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది.

“ఈ పిల్ల మోచేతులు చూశావా, ఎంత కిందకి దించిందో? నేనైతే ఈ బంతి వదిలేసుండేదాన్ని.”

“నువ్వేగా వెనక్కి జరగమన్నావు.”

“విందన్నమాట,” అంది చీపురు. తలకున్న క్లిప్పు ఊడదీసి, “నాకు జడ వెయ్యవూ. ఈ క్లిప్పు గుచ్చుకుంటోంది,” అంది.

వరండాలో పేపరు చదువుతున్న బావగారు “హమ్మయ్య, నా డ్యూటీ దిగింది” అన్నారు, పేపరు దించకుండానే.

పెద్ద లెన్సు తిరిగిచ్చే రోజు అక్కకి కాళ్లు సాగలేదు. దానిలోంచి చూసిన కంటికి ఇంకేదీ ఆనడం లేదు. అలాగని కొనే తాహతూ లేదు. పైగా రెండు మ్యాచ్‌లకే కుడి భుజం వాచి, వేణ్ణీళ్ల కాపడం పెట్టుకోవాల్సి వచ్చింది. “అరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా,” అన్నారు బావగారు. మరి చిన్నది కొందామా అంటే, పొగమంచు పిల్లని మళ్లీ చూసే ఓపిక లేదు. ఏదీ తేల్చుకోలేక సంచీ గుమ్మంలో పెట్టుకుని కూర్చుంది.

ఆ పూటే కోచ్ వాళ్లింటికి వచ్చింది. చీపురు చెయ్యి చూడటానికొచ్చి, ఫొటోల ముందు కూర్చుండిపోయింది. ఎవరి మోకాలు ఎంత వంగిందో, ఎవరు కళ్లు మూసుకున్నారో, అన్నీ అడిగి అడిగి చూసింది. లేచేటప్పుడు, “అక్కా, ఇవి పిల్లలకి చూపించి నేర్పుతాను. మీరు గ్యాలరీలో ఎందుకు, ప్రాక్టీసుకీ మ్యాచ్‌లకీ కింద గీత వెనక కూర్చోండి. జట్టు మనిషని కార్డు ఇప్పిస్తాను,” అంది. చీపురు చెయ్యి గురించి ఒకే మాట అంది. “నేనే చూసి ఉండాల్సింది.”

అక్క షాపాయనకి ఆ మాట చెప్పగానే ఆయన కళ్లజోడు పైకి తోసుకుని నవ్వారు. “కింద కూర్చోనిస్తారని ముందే చెప్తే ఇంత తతంగం లేకపోను కదమ్మా.” లోపల్నుంచి గుప్పిట్లో పట్టే పొట్టి లెన్సొకటి తెచ్చారు. దానికి ముందుకీ వెనక్కీ లాగే ఏర్పాటు లేదు. ఒకే దూరం, దగ్గరికి కావాలంటే మనమే జరగాలి. వెలుతురు మాత్రం పెద్ద లెన్సు కంటే ఎక్కువ పడుతుంది. ధర చూస్తే చిన్నదానికి అటూ ఇటూ. గ్యాలరీ నుంచి అది ఎందుకూ పనికిరాదు. గీత వెనక నుంచైతే దానికి సాటి లేదు. అక్క షాపు గుమ్మంలో నిలబడి అవతలి పేవ్‌మెంటు మీద పండ్లమ్ముకునే ఆవిణ్ణి ఒక ఫొటో తీసి చూసుకుని, అక్కడికక్కడే కొనేసింది.

చీపురు కట్టు విప్పాక చెయ్యి పుల్లలా సన్నబడింది. రబ్బరు బంతి పిసుకుతూ, వేణ్ణీళ్లలో ముంచుతూ, విసుక్కుంటూ, మెల్లిమెల్లిగా దారిలో పడింది. మణికట్టు మునుపటంత వంగదు. చలికాలం పొద్దున కొంచెం పట్టేస్తుంది. తరవాతి సీజన్ మొదట్లో గువ్వే ఆడింది, సగం నుంచి ఇద్దరూ వంతులేసుకున్నారు. ఎవరు ఆడితే రెండో పిల్ల బెంచీ మీంచి అరుస్తుంది. గువ్వ వాళ్లమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది, పని మానుకుని కూతురి ఆట ఎప్పుడూ చూడలేదు. ఆ గాల్లో ఉన్న ఫొటో పెద్దది చేయించి ఇస్తే ఆస్పత్రికే వచ్చి, అక్క చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మొన్న ప్రాక్టీసుకి నేనూ వెళ్లాను. అక్క గీత వెనక చాప మడిచి వేసుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. జట్టు పిల్లలంతా ఆవిణ్ణి ఎక్స్‌రే అత్త అంటారు, ఎవరికి ఏ వేలు నొప్పి పెట్టినా ముందు ఆవిడకే చూపిస్తారు. పొడుగమ్మాయి కొట్టిన బంతి చీపురు చేతుల కిందనుంచి జారి, నేల మీద ఎగిరి, సూటిగా వచ్చి అక్క భుజానికి తగిలింది. అందరూ ఆట ఆపి పరిగెత్తారు.

“అత్తా, తగిలిందా? ఏదీ, చెయ్యి ఎత్తు చూద్దాం.”

“తగలక ఏమవుతుంది? అది నువ్వు ఆపాల్సిన బంతే కదే,” అంది అక్క కెమెరా తుడుచుకుంటూ. “వెళ్లు, వెళ్లు. ఈసారి ఇంకాస్త ఎడమకి నిలబడు.”

చీపురు నవ్వుకుంటూ వెళ్లి, ఎడమకి ఒకడుగు జరిగి నిలబడింది.